ప్యాకెట్ మీద 80:20 సరే, గ్లాసులో ఎంత?

కాఫీపొడి కొట్టులో నా ముందు నిలబడ్డ పెద్దాయన అరకిలో అడిగారు. మర దగ్గరున్న కుర్రాడు "ఎంతలో వెయ్యమంటారండీ?" అన్నాడు. "ఎప్పుడూ వేసేదే బాబూ, 80:20." అంటే వందలో ఎనభై పాళ్లు కాఫీ, ఇరవై పాళ్లు చికోరీ. రేటు వినగానే ఆయన మొహం మారిపోయింది. అది చూసి కుర్రాడే దారి చూపించాడు. "60:40 వేస్తానండీ, పాత రేటుకే వస్తుంది. రుచిలో పెద్ద తేడా ఉండదు, పైగా ఇంకా స్ట్రాంగ్‌గా ఉంటుంది." పెద్దాయన ఒక్క క్షణం ఆగి సరేనన్నారు.

రేట్లు పెరగడం కొట్టువాడి చేతిలో లేదు. బ్రెజిల్‌లో కరవు, వియత్నాంలో కరవు, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ప్రపంచానికి ఎక్కువ కాఫీ అందించే దేశాలు ఆ రెండే. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా రకం కాఫీ పౌను (అరకిలోకి కాస్త తక్కువ) ధర 4 డాలర్లు దాటింది. ఆ సెగ మన వీధి చివర మర దాకా వచ్చింది. చికోరీ చవక కాబట్టి అది ఎక్కువ కలిపితే కిలో ధర దిగుతుంది. ఇంతవరకు అందరికీ అర్థమయ్యేదే. "రుచిలో పెద్ద తేడా ఉండదు, ఇంకా స్ట్రాంగ్‌గా ఉంటుంది" అన్న రెండు ముక్కలే చిక్కు తెచ్చిపెడతాయి. రెండోది ఒక రకంగా నిజం. మొదటిది నిజమో కాదో చెప్పాలంటే కాస్త లెక్క వెయ్యాలి.

చికోరీ అంటే ఒక వేరు

చికోరీ కాఫీ జాతిది కాదు. ముల్లంగిలాగా నేలలో ఊరే వేరు. దాన్ని ముక్కలు కోసి, ఎండబెట్టి, నల్లగా వేయించి పొడి కొడతారు. మన దేశంలో గుజరాత్‌లోనూ ఉత్తరప్రదేశ్‌లోనూ ఎక్కువగా పండిస్తారు. కాఫీలో నిద్ర పోగొట్టే కెఫీన్ ఇందులో ఉండదు. ఇనులిన్ అనే పిండిపదార్థం మాత్రం బాగా ఉంటుంది. వేయించినప్పుడు అది కొంత విరిగి, మాడి, పంచదార పాకం ముదిరినప్పటి రంగూ తీపీ చేదూ కలిసిన రుచీ వస్తాయి.

ఇది కాఫీలో కలవడం మొదట కరవు కాలపు సర్దుబాటే. 1806 తరవాత నెపోలియన్ బ్రిటన్ సరుకుని ఐరోపాలోకి రాకుండా కట్టడి చేసినప్పుడు ఫ్రాన్సులో కాఫీ దొరకడం కష్టమై, ఈ వేరు వాడకం బాగా పెరిగింది. కట్టడి పోయినా అలవాటు పోలేదు. మన దక్షిణాదిలో అయితే అది ఏకంగా ఫిల్టర్ కాఫీ రుచిగానే స్థిరపడిపోయింది.

మన చట్టం దీన్ని కల్తీ అనదు. ఎంత కలిపారో చెప్పి అమ్మితే చాలంటుంది. కాఫీ, చికోరీ కలిపిన పొడిలో బరువు ప్రకారం కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, రెండూ ఎంతెంత ఉన్నాయో ప్యాకెట్ మీద అచ్చు వెయ్యాలి. అందుకే 53:47 అని రాసిన ప్యాకెట్లు కనిపిస్తాయి. అంచుకి రెండే మెట్లు పైన! ముందువైపు పెద్ద అక్షరాల్లో "ఫిల్టర్ కాఫీ" అని ఉన్నంత మాత్రాన లోపలిది అంతా కాఫీ అనుకోవడానికి లేదు. అసలు అంకెలు ఒక్కోసారి చిన్న అక్షరాల్లో ఏదో ఒక మూల ఉంటాయి, కళ్లజోడు ఉంటేగానీ ఆనవు.

కరిగేది ఎంత: మూడు గ్లాసుల లెక్క

ఇక్కడే అసలు కథ. ప్యాకెట్ మీది అంకె పొడి బరువు. మనం తాగేది పొడిని కాదు, అందులోంచి నీళ్లలోకి కరిగి వచ్చిన సారాన్ని. మిగతాది పిప్పి.

కాఫీ గింజ గట్టి సరుకు. వేయించి పొడి కొట్టాక కూడా దాని బరువులో అటూ ఇటూగా 30 శాతానికి మించి నీళ్లలో కరగదు. రుచిగా ఉండే కాఫీలో కరిగి వచ్చేది 18 నుంచి 22 శాతం అని కాఫీ రుచి చూసేవాళ్లు ఎప్పటినుంచో లెక్కగా పెట్టుకున్నారు. చికోరీ అలా కాదు, సగానికి పైగా కరిగిపోతుంది. లెక్క సులువుగా ఉండడానికి కాఫీలో 20, చికోరీలో 60 శాతం కరుగుతుందని అనుకుందాం.

ముగ్గురికి సరిపడా 30 గ్రాముల పొడి తీసుకుంటే:

80:20 అయితే కాఫీ 24 గ్రాములు, అందులో కరిగేది 4.8. చికోరీ 6 గ్రాములు, కరిగేది 3.6. మొత్తం సారం 8.4 గ్రాములు. అందులో చికోరీ వాటా 43 శాతం.

60:40 అయితే కాఫీ 18 గ్రాముల నుంచి 3.6, చికోరీ 12 గ్రాముల నుంచి 7.2. మొత్తం 10.8. చికోరీ వాటా 67 శాతం, అంటే మూడింట రెండు వంతులు.

53:47 అయితే చికోరీ వాటా 73 శాతానికి చేరుతుంది.

ఏమీ కలపని కాఫీ 30 గ్రాములు వేస్తే వచ్చే సారం 6 గ్రాములే.

ఈ అంకెలు వేపుడుని బట్టి, మరని బట్టి అటూ ఇటూ జరుగుతాయి. దిశ మాత్రం మారదు. ప్యాకెట్ మీద అయిదో వంతుగా కనిపించే చికోరీ గ్లాసులో సగానికి దగ్గరగా వచ్చేస్తుంది. పెద్దాయన 80 నుంచి 60కి దిగానని అనుకున్నారు. గ్లాసులో ఆయన కాఫీ వాటా 57 నుంచి 33కి పడింది.

ఇంకోటి చూడండి. 60:40 పొడి సారం 10.8 అయితే అచ్చమైన కాఫీది 6. "ప్యూర్ కాఫీ అని అంత డబ్బు పోసి కొంటే నీళ్లలా ఉందేంటి" అని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే మాటకి కారణం ఇదే. అదే చిక్కదనం రావాలంటే అచ్చమైన కాఫీ 54 గ్రాములు వెయ్యాలి. పాత స్పూనుతో పాత లెక్కనే వేస్తే రంగు తేలిపోతుంది, పాలు పోయగానే తెల్లమొహం వేస్తుంది. తప్పు పొడిది కాదు, స్పూనుది.

స్పూను సంగతి వచ్చింది కాబట్టి: మా ఇంట్లో డబ్బాలో ఉండే ఒకే స్పూనుతో మూడుసార్లు తీసి కాటాలో పెట్టి చూశాను. 5, 7, 8 గ్రాములు వచ్చాయి. నిన్నటి కాఫీ అద్భుతం, ఇవాళ్టిది కషాయం ఎందుకయిందో సగం అక్కడే తేలింది.

"స్ట్రాంగ్" అన్న ఒక్క మాట

కుర్రాడు "ఇంకా స్ట్రాంగ్‌గా ఉంటుంది" అన్నాడు. స్ట్రాంగ్ అంటే ఒకరికి నలుపు, ఒకరికి చేదు, ఇంకొకరికి చిక్కదనం, మరొకరికి నిద్ర ఎగిరిపోవడం. చికోరీ పెంచితే మొదటి మూడూ పెరుగుతాయి. నాలుగోది తగ్గుతుంది, ఎందుకంటే కెఫీన్ కాఫీ గింజలోనే ఉంది.

అరబికా గింజలో కెఫీన్ బరువులో 1.2 శాతం దాకా ఉంటుంది. రోబస్టా అనే ఇంకో రకంలో దాదాపు రెట్టింపు, 2.2 దాకా. కెఫీన్ నీళ్లలో బాగా కరుగుతుంది కాబట్టి పొడిలో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం డికాషన్‌లోకి వచ్చేస్తుంది. పై ఉదాహరణలో అరబికా 60:40 అయితే ముగ్గురికీ కలిపి 216 మిల్లీగ్రాములు, గ్లాసుకి 72. 80:20 అయితే గ్లాసుకి 96. అచ్చమైన కాఫీ 30 గ్రాములు అయితే 120. చిక్కదనం కోసం 54 గ్రాములు వేశారనుకోండి, గ్లాసుకి 216. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి 400 మిల్లీగ్రాముల వరకు ఫరవాలేదని అమెరికా, ఐరోపా ఆహార సంస్థలు చెబుతాయి. రెండో గ్లాసుకే ఆ గీత దాటుతాం.

అంటే నల్లగా, చేదుగా, చిక్కగా ఉన్న 60:40 కాఫీ తాగి "అబ్బ, ఏం స్ట్రాంగో" అనుకునేవాళ్లకి అందిన కెఫీన్, పలచగా కనిపించిన ప్యూర్ కాఫీ తాగినవాళ్లకి అందినదానికన్నా తక్కువ.

కొట్టు బోర్డు మీది మాటలు

పీబీ, ప్లాంటేషన్ ఏ, చెర్రీ అని కొట్లలో రాసి ఉంటాయి. ఇవి బ్రాండ్లు కావు. కాఫీ పండులో మామూలుగా రెండు గింజలు ఒకదానికొకటి ఆనుకుని, లోపలివైపు చదునుగా పెరుగుతాయి. ఒక్కోసారి ఒకటే గింజ గుండ్రంగా ఊరుతుంది. దాన్ని ఏరి వేరు చేస్తే పీబీ, అంటే పీబెర్రీ. ప్లాంటేషన్ అంటే పండు తొక్క తీసి కడిగి ఎండబెట్టిన అరబికా, పక్కన ఏ, ఏఏ అనేవి గింజ సైజు. చెర్రీ అంటే పండుని అలాగే ఎండబెట్టి తరవాత పై పెచ్చు తీసినది. కడిగిన గింజకి పులుపు తేటగా తెలుస్తుంది, పండుతో ఎండినదానికి బరువైన రుచి. గింజ గుండ్రంగా ఉన్నంత మాత్రాన రుచి పెరుగుతుందా అన్నది వాదనల్లో ఉన్న విషయమే. నాకైతే తేడా తెలియలేదు.

మన దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం రోబస్టా. కర్ణాటకదే పెద్ద వాటా. మన మన్యంలో, అరకు, పాడేరు, చింతపల్లి వైపు గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటికి మిరియాల తీగలు పాకించి పండించేది అరబికా. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 మార్చిలో పార్లమెంటు ప్రాంగణంలో స్టాళ్లు కూడా పెట్టారు. ఆ పేరు విని కొన్నవాళ్లలో కొందరు "పుల్లగా ఉంది" అని పెదవి విరుస్తారు. మధ్యస్థంగా వేయించిన అరబికాకి ఆ పులుపు సహజం, చాలామంది దానికోసమే కొంటారు. ముదురు వేపుడు, చికోరీల మధ్య పెరిగిన నాలుకకి అది పాడైనట్టు అనిపిస్తుంది.

ఇక ఇన్‌స్టంట్. అది ఎవరో ముందే డికాషన్ తీసి ఎండబెట్టిన పొడి. పిప్పి ఫ్యాక్టరీలోనే ఉండిపోతుంది, ఇంట్లో వేసిందంతా కరుగుతుంది. కాఫీ తోట ఒక్కటీ లేని గుంటూరు వైపు దుగ్గిరాలలో దీనికి పెద్ద ఫ్యాక్టరీ ఉంది, అక్కడినుంచి ఎన్నో దేశాలకి వెళుతుంది.

ఫిల్టర్ లోపల ఏం జరుగుతుంది

పై గిన్నె అడుగున సన్న చిల్లులు. అందులో పొడి, పొడి మీద గొడుగులాంటి బిళ్ల, ఆ పైన మరిగిన నీళ్లు. కింద గిన్నెలోకి బొట్టుబొట్టుగా డికాషన్. దీనికి కరెంటు అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు. నీటి బరువే పని చేస్తుంది. అందుకే చిన్న చిన్న తేడాలు పెద్దగా కనిపిస్తాయి.

నీళ్లు తగలగానే ముందు కరిగేవి పులుపు పదార్థాలు, కాస్త వెనక తీపిని గుర్తు చేసేవి, చివరగా బరువైన చేదూ వగరూ. త్వరగా దిగిపోతే పుల్లగా, పలచగా ఉంటుంది. మరీ నానిపోతే నోరు పట్టేసే చేదు. మధ్యలో ఎక్కడో ఆపాలి, ఆపే మీట మాత్రం ఫిల్టర్‌కి లేదు. ఆ పని మర చేస్తుంది.

ఒక మిల్లీమీటరు ఘనపు ముక్కని అన్నివైపులా సగానికి కోస్తే ఎనిమిది ముక్కలవుతాయి. మొత్తం కాఫీ అంతే, నీళ్లు తగిలే పైభాగం మాత్రం రెట్టింపు. పొడి సన్నబడితే సారం త్వరగా వస్తుంది. అదే సమయంలో నీళ్లకి దారి ఇరుకవుతుంది, ఎక్కువసేపు నిలుస్తాయి. రెండూ కలిసి చేదువైపు లాగుతాయి. మరీ సన్నగా, మైదాలా పట్టిస్తే కొంత చిల్లుల్లోంచి జారి గ్లాసు అడుగున బురదలా చేరుతుంది, మిగతాది చిల్లులకే అడ్డం పడుతుంది. చికోరీ నీళ్లు పీల్చి ఉబ్బి ఇంకా నెమ్మదిస్తుంది. చికోరీ ఉన్న పొడికి సరిపోయిన మర అచ్చమైన కాఫీకి కాస్త బరకైపోవడం అందుకే.

ఎంతసేపు చూసినా డికాషన్ దిగని రోజు ఒకటి ప్రతి ఇంటికీ వస్తుంది. బయట చుట్టాలు కూర్చుని ఉంటారు, లోపల టెన్షన్. ఇందులో పొడి తప్పు ఉండకపోవచ్చు. పై గిన్నె కింది గిన్నెలో మరీ బిగుతుగా కూర్చుంటే కింద ఉన్న గాలికి బయటికి పోయే దారి ఉండదు. బొట్టు పడాలంటే గాలి చోటివ్వాలి. మా అమ్మ పై గిన్నెని గుడ్డతో పట్టుకుని ఒక పిసరు ఎత్తి మళ్లీ పెడుతుంది. టపటపా దిగడం మొదలవుతుంది. గరిటెతో ఫిల్టర్ పక్కన కొట్టేవాళ్లూ ఉన్నారు. అదీ పని చేస్తుంది గానీ లోపలి పొడి కదిలి ఒకవైపు దారి పడుతుంది. నీళ్లన్నీ ఆ దారినే పారితే మిగతా పొడి తడిసి ఊరుకుంటుంది. బిళ్ల ఉన్నది నీళ్లు ఒకచోట గుంట చెయ్యకుండా పరుచుకోవడానికే.

30 గ్రాముల పొడి మీద 150 మిల్లీలీటర్లు పోస్తే కిందికి దిగేది 90 దాకా. మిగతా 60 పొడి పీల్చుకుంటుంది, తన బరువుకి రెండింతలు. ఆ నీళ్లలోనూ సారం ఉంది. రెండో డికాషన్ అని మళ్లీ వేడినీళ్లు పోసేవాళ్లు లోభులేం కాదు, నిజంగానే అక్కడ సరుకుంది. కాకపోతే పులుపు, సువాసన మొదటి విడతలోనే పోయాయి, ఇప్పుడు దిగేది ఎక్కువగా చేదు వైపుది. రెండోది విడిగా తాగితే చప్పగా, చేదుగా ఉండి, మొదటిదాంట్లో కలిపితే ఫరవాలేదనిపించడానికి కారణం అదే.

మిగిలిన డికాషన్‌ని పొయ్యి మీద మళ్లీ మరిగిస్తే వాసన ఆవిరై వంటింటికి పోతుంది, లోపలి ఆమ్లాలు విరిగి ఘాటు చేదు మిగులుతుంది. ఇల్లంతా ఘుమఘుమలాడుతోందంటే గ్లాసులో అంత తగ్గిందని!

నీళ్లు, పాలు

బోరు నీళ్లతో పెట్టిన కాఫీ మొద్దుగా ఉంటుందని హైదరాబాద్ శివార్లలో ఉండేవాళ్లు అంటుంటారు. నిజమే. కఠిన జలంలో ఉండే బైకార్బొనేట్లు కాఫీ పులుపుని చంపేస్తాయి. అలాగని ఆర్వో నీళ్లు మరీ పిండేసినవైతే అప్పుడూ చప్పగానే ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం కొంచెం ఉంటేనే రుచి బాగా లాగుతాయి. లీటరుకి 150 మిల్లీగ్రాముల లవణాలు అటూ ఇటూగా ఉన్న నీళ్లు కాఫీకి నప్పుతాయంటారు. తాగునీటికి మన ప్రమాణం 500 దాకా ఒప్పుకుంటుంది. అంటే తాగడానికి మంచివైన నీళ్లన్నీ కాఫీకి మంచివి కానక్కర్లేదు. చికోరీ, పాలు ఎక్కువ వేసుకునేవాళ్లకి ఈ తేడా పెద్దగా అందదు.

పాలలో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ వగరు పదార్థాలని పట్టేసుకుంటుంది. అందుకే పాలు పడగానే డికాషన్ నోటికి మెత్తబడుతుంది. ఇక్కడ ఫుల్ క్రీమ్ పాలలో వెన్న కనీసం 6 శాతం, టోన్డ్ పాలలో 3. అమెరికాలో హోల్ మిల్క్ అంటే 3.25. ఇక్కడినుంచి ప్యాకెట్లు మోసుకెళ్లి, అదే ఫిల్టర్‌లో వేసి, "ఇంటి రుచి రావట్లేదు" అని వీడియో కాల్‌లో వాపోయే మనవాళ్లకి పొడిలో లోపం దొరకదు. తేడా పాల డబ్బాలో ఉంది.

వద్దనేవాళ్లు, ఉండాల్సిందేననేవాళ్లు

చికోరీ వద్దనేవాళ్ల మాట: రైతు గింజని ఏరి, కడిగి, ఎండబెట్టి అంత కష్టపడితే, మనం దాని మీద మాడిన వేరు పోసి అన్ని తోటల కాఫీనీ ఒకే రుచిలోకి దించేస్తున్నాం. మన్యం కాఫీకీ ఇంకోచోటి కాఫీకీ తేడా తెలియనప్పుడు మంచి గింజకి మంచి ధర ఎందుకొస్తుంది? ఈ వాదన బలమైనదే, 60:40లో చికోరీ మూడింట రెండు వంతులని లెక్క చూశాక మరీను.

ఉండాలనేవాళ్ల మాట: మేం తాగేది డికాషన్‌కి మూడింతలు పాలు, రెండు చెంచాల పంచదార పోసిన కాఫీ. అన్ని పాల కింద తోట పరిమళం ఎలాగూ వినపడదు. పాలకి ఎదురు నిలిచే ఒడ్డూ పొడుగూ చికోరీ ఇస్తుంది, చవకగా ఇస్తుంది, నిద్ర చెడగొట్టకుండా ఇస్తుంది. దీన్నీ కొట్టిపారెయ్యలేం. పాలు లేని కాఫీకి అచ్చమైన గింజ, పాల కాఫీకి 15, 20 శాతం చికోరీ అని చాలామంది మధ్యలో ఆగుతారు. నా ఓటూ అక్కడే. 40 దాటాక మాత్రం అది చికోరీ పానీయమే, కాఫీ అందులో పరిమళానికి వేసింది.

ఈ లెక్కలన్నీ వేశాక ఒక ఆదివారం సాయంత్రం అయిదింటికి ఇంట్లో మూడు ఫిల్టర్లు పెట్టాను, రెండు మావి, ఒకటి పక్కింటిది. ఒకదాంట్లో 80:20 పొడి 30 గ్రాములు. రెండోదాంట్లో అరకు అరబికా, ఏమీ కలపనిది, అదే 30. మూడోదాంట్లో అదే అరకు, 45 గ్రాములు. ఏది ఏదో చెప్పలేదు. అమ్మ రెండో గ్లాసు గుటక వేసి "పాలు ఎక్కువ పోశావా?" అంది. మూడోది కాసేపు నోట్లోనే పెట్టుకుని "ఇది బాగుంది గానీ చివర్న పుల్లగా ఉందేంట్రా" అంది. మొదటిది తాగి ఏమీ అనలేదు, గ్లాసు ఖాళీ చేసి అవతల పెట్టింది.

నాన్నకి మూడోదే నచ్చింది. అమ్మ వదిలేసింది కూడా ఆయనే తాగేశారు. రాత్రి పన్నెండున్నరకి మంచినీళ్లకని లేచి చూస్తే హాల్లో టీవీ ఇంకా వెలుగుతోంది, ఆయన ఒక్కో చానెలూ మారుస్తూ కూర్చుని ఉన్నారు.